ముక్కూమొహం తెలియనివారి నడుమ ఒక సీటు

కో వర్కింగ్ ఆఫీసు అంటే వేర్వేరు పనుల వాళ్లు ఒకే కప్పు కింద సీట్లు అద్దెకు తీసుకుని పనిచేసుకునే చోటు. ఒక బల్ల దగ్గర యాప్ తయారుచేసే ఇద్దరు కుర్రాళ్లు, పక్క బల్ల దగ్గర లెక్కలు చూసే ఆడిటర్, అద్దాల గదిలో ఏదో విదేశీ కంపెనీ తరఫున పదిమంది, కిటికీ పక్కన ఒంటరిగా అనువాదం చేసుకునే ఆవిడ. వీళ్లకు ఉమ్మడి యజమాని లేడు, ఉమ్మడి పని లేదు, పండగ సెలవులు కూడా ఒక్కటి కావు. ఒకరి ఫోన్ సంభాషణ మరొకరి చెవిన పడకూడదు. అయినా చుట్టూ నలుగురు ఉన్నారన్న ఆసరా కోసమే వీళ్లంతా ఇల్లు వదిలి ఇక్కడికి వస్తారు. సొంత ఆఫీసులో పక్క సీటువాడు గట్టిగా మాట్లాడితే మేనేజరుకు చెప్పుకోవచ్చు, చనువుంటే అతనితోనే అనొచ్చు. ఇక్కడ ఆ చనువు లేదు. మొహమాటం కొద్దీ మనుషులు చెప్పుకోలేని మాటలన్నీ గోడలు, తలుపులు, బల్లలే చెప్పాలి. కో వర్కింగ్ ఇంటీరియర్ డిజైన్ కష్టం, గొప్పతనం రెండూ ఇందులోనే ఉన్నాయి.

ఇలాంటి చోటు ఒక్కరోజులో పుట్టలేదు. 1906లో అమెరికాలోని బఫెలోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన లార్కిన్ భవనంలో గుమస్తాలంతా పైకప్పు నుంచి వెలుతురు దిగే పెద్ద హాలులో వరసలుగా కూర్చునేవారు. ఎవరి చేయి ఆగినా పైనుంచి కనిపించేది. 1950ల చివర్లో జర్మనీలో ష్నెల్ సోదరులు ఆ వరసలను చెరిపేశారు. కాగితం ఎవరి నుంచి ఎవరికి పోతుందో చూసి, ఆ దారిని బట్టి బల్లలు వేసి, మధ్యమధ్య మొక్కలు, పొట్టి తెరలు నిలిపారు. 1964లో హెర్మన్ మిల్లర్ కంపెనీ తెచ్చిన ‘యాక్షన్ ఆఫీస్’ వెనుక రాబర్ట్ ప్రాప్స్ట్ ఆలోచన ఉంది. మనిషి రోజంతా ఒకే భంగిమలో ఉండకూడదనీ, తన చోటును తానే మార్చుకోగలగాలనీ అతని పట్టుదల. 1968లో వచ్చిన రెండో రూపంలో కదిలే పలకలను 120 డిగ్రీల కోణంలో విశాలంగా తెరవాలన్నాడు. కొన్న కంపెనీలు మాత్రం వాటిని 90 డిగ్రీలకు మడిచి, ఉన్న జాగాలో ఎక్కువమందిని ఇరికించాయి. అలా పుట్టిందే క్యూబికల్. మంచి ఆలోచనను సీటు ధర ఎలా మింగేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఆఫీసుల చరిత్రలో లేదు. కో వర్కింగ్ రంగం దీన్ని మరచిపోకూడదు.

2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ స్వేచ్ఛగా పనిచేసుకునేవాళ్ల కోసం వారానికి రెండు రోజులు తెరిచే ఉమ్మడి గదిని మొదలుపెట్టాడు. కో వర్కింగ్ పేరుతో నడిచిన తొలి చోటుగా దాన్నే చెబుతారు. 2010లో న్యూయార్క్‌లో మొదలైన వీవర్క్ ఈ పద్ధతిని పెద్ద వ్యాపారంగా మార్చింది. దాని స్థాపకుల్లో ఒకరైన మిగెల్ మెకెల్వీ ఆర్కిటెక్చర్ చదివినవాడు. అద్దాల పార్టిషన్లు, చెక్క నేల, పెద్ద ప్యాంట్రీ, గోడ మీద నియాన్ అక్షరాలు అనే వరస ప్రపంచమంతా పాకింది అప్పటి నుంచే. హైదరాబాదులో దీనికి నేల అంతకుముందే సిద్ధమైంది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఆఫీసు అంటే గాజు భవనమన్న ముద్ర పడిపోయింది. 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో స్టార్టప్‌ల కోసం టీ హబ్, 2018లో మహిళా పారిశ్రామికుల కోసం వీ హబ్ వచ్చాయి. 2022లో టీ హబ్ రాయదుర్గంలోని భారీ సొంత భవనంలోకి మారింది. ఈలోగా హైటెక్ సిటీ చుట్టుపక్కల, జూబ్లీహిల్స్‌లో, బేగంపేటలో ప్రైవేటు కో వర్కింగ్ అంతస్తులు వరసగా తెరుచుకున్నాయి.

ఇంటీరియర్ గురించి ఆలోచించే ముందు ఈ వ్యాపారం లెక్క తెలియాలి. నడిపేవారు అంతస్తు మొత్తాన్ని చదరపు అడుగుల చొప్పున అద్దెకు తీసుకుంటారు, సీట్ల చొప్పున తిరిగి ఇస్తారు. ఆ రెంటి మధ్య తేడానే వాళ్ల బతుకుతెరువు. కాబట్టి ఇంకో సీటు పట్టించాలన్న ఒత్తిడి ప్లాను గీసేవారి మీద ఎప్పుడూ ఉంటుంది. నాలుగడుగుల బల్ల మూడడుగులకు తగ్గుతుంది, నడవ సన్నబడుతుంది, సోఫాలున్న చోట ఆరుగురి క్యాబిన్ లేస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల పెద్ద కంపెనీలు ఒకేసారి వందల సీట్లు తీసుకుంటున్నాయి గనుక మూసిన క్యాబిన్లు పెరిగి, అందరూ కలిసే జాగా కుంచించుకుపోతోంది. ఆ జాగాకు నేరుగా అద్దె రాదు. కానీ సీటుకు ఇల్లు వదిలి వచ్చేంత విలువ తెచ్చేది అదే. దాన్ని కోసుకుంటూ పోతే చివరికి మిగిలేది వైఫై ఉన్న గోదాము.

ప్లాను తలుపు దగ్గర మొదలవుతుంది. మంచి ప్లానులో సందడి తలుపు దగ్గర ఎక్కువగా ఉండి, లోపలికి పోయేకొద్దీ సద్దుమణుగుతుంది. ముందు రిసెప్షన్, వచ్చినవాళ్లు కూర్చునే చోటు, దాని వెంట ప్యాంట్రీ, ఆపైన మాట్లాడుకుంటూ పనిచేసే పెద్ద బల్లలు, మీటింగ్ గదులు, ఆ తర్వాత క్యాబిన్లు, అన్నిటికీ చివర నోరు మెదపని మూల. మీటింగ్ గదుల్ని అంతస్తు కొసన పెడితే బయటినుంచి వచ్చే ప్రతి క్లయింటూ పనిచేసేవాళ్ల మధ్యనుంచే నడవాల్సి వస్తుంది. ఎడ్వర్డ్ హాల్ 1966లో రాసిన పుస్తకంలో మనుషుల మధ్య దూరాలను కొలిచి చెప్పాడు. అమెరికన్ల మీద చేసిన ఆ కొలతల ప్రకారం సుమారు 45 సెంటీమీటర్ల లోపు ఆత్మీయుల దూరం, 1.2 మీటర్ల వరకు పరిచయస్తుల దూరం, ఆపైది పని సంబంధాల దూరం. మూడడుగుల బల్లలను పక్కపక్కన వేస్తే కొత్తవాళ్లిద్దరినీ పరిచయస్తుల దూరంలోకి బలవంతాన నెట్టినట్టే. మన బస్సుల్లో, రైళ్లలో అంతకన్నా దగ్గరగానే కూర్చుంటాం కదా అనిపించవచ్చు. కాని బస్సులో ఎవరూ జీతాల పట్టిక తెరిచి పెట్టుకోరు.

వీపు వెనుక మనుషులు తిరిగే సీటు ఎవరికీ నచ్చదు. వెనుక ఆసరా, ముందు చూపు ఉన్న చోటే మనిషి కోరుకుంటాడని బ్రిటన్ భూగోళ శాస్త్రవేత్త జే ఆపిల్టన్ 1975లో ప్రతిపాదించాడు. ఏ కో వర్కింగ్ హాలులోనైనా పొద్దున్నే ముందు నిండే సీట్లు గోడకు వీపు పెట్టి కూర్చునేవే. నడవ వైపు వీపు పెట్టే సీట్లు తప్పనప్పుడు వెనుక ఓ పుస్తకాల అర, మొక్కల తొట్టి, నడుము ఎత్తు లాకర్ల వరస నిలబెడితే చాలు, ఆ సీటు గుణం మారిపోతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

అందరినీ ఒకే హాలులో కూర్చోబెడితే వాళ్లంతట వాళ్లే కలిసిపోతారన్న నమ్మకం ఈ రంగంలో గట్టిగా నాటుకుంది. అది పూర్తిగా నిజం కాదు. 2018లో హార్వర్డ్‌కు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ రెండు పెద్ద కంపెనీలు పార్టిషన్లు తీసేసినప్పుడు ఏం జరిగిందో మెడలో వేసుకునే సెన్సార్లతో కొలిచారు. ఎదురెదురుగా మాట్లాడుకోవడం సుమారు 70 శాతం తగ్గింది, ఈమెయిళ్లు, మెసేజ్‌లు పెరిగాయి. అందరి కళ్లూ తన మీదున్నాయనిపిస్తే మనిషి హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన లోపలికి తాను పోతాడు. దాక్కోవడానికి చోటున్నప్పుడే బయటికి వచ్చి పలకరిస్తాడు. ఎంఐటీలో థామస్ ఆలెన్ చూపినది ఇంకో సంగతి. సీట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ ఇంజనీర్ల మధ్య మాటలు వేగంగా పడిపోతాయి. 50 మీటర్లు దాటితే దాదాపు వేరే ఊళ్లో ఉన్నట్టే. ఈ రెండింటినీ కలిపి చూస్తే డిజైనరు పని తేటపడుతుంది. సీటు దగ్గర మనిషికి మరుగు ఇవ్వాలి. నీళ్లకూ, కాఫీకీ, ప్రింటరుకూ వెళ్లే దారిలో మాత్రం పదిమందీ ఎదురుపడేలా చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది శబ్దం. ఫోటోలో అది కనబడదు, బ్రోషర్‌లో అచ్చుకాదు. అందుకే దానికి డబ్బు మిగలదు. హార్వర్డ్‌లోనే వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడికి 1895లో ఒక పని అప్పగించారు. కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస గదిలో మాట అర్థం కావడం లేదు, కారణం కనుక్కోమన్నారు. అతను రాత్రుళ్లు పక్క నాటకశాల నుంచి సీటు దిండ్లు మోయించి, ఒక్కో వరస పరుస్తూ శబ్దం చచ్చిపోవడానికి ఎంతసేపు పడుతుందో కొలిచాడు. ఖాళీ గదిలో 5.5 సెకన్లు పట్టేది, దిండ్లు పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చింది. గది ఘనపరిమాణం ఎక్కువైతే మోత నిలుస్తుంది, పీల్చుకునే మెత్తటి వస్తువులు ఎక్కువైతే చస్తుంది. గది శబ్దశాస్త్రానికి పునాది ఇదే. పనిచేసే హాలులో ఆ మోత అర సెకను దరిదాపుల్లో ఆగిపోవాలి.

ఇప్పటి ఫ్యాషన్ దీనికి నేరుగా ఎదురు నడుస్తోంది. ఫాల్స్ సీలింగ్ తీసేసి, ఏసీ డక్టులు, కేబుళ్లు కనబడేలా వదిలి, స్లాబుకు నల్లరంగు వేయడం కో వర్కింగ్ ముద్రగా మారింది. చూడ్డానికి ఎత్తుగా, ధీమాగా ఉంటుంది. కానీ శబ్దాన్ని పీల్చుకునే పెద్ద పలక పోతుంది, గది ఘనపరిమాణం పెరుగుతుంది, కింద పాలిష్ కాంక్రీటు, పక్కన అద్దాలు. అంటే మాట ఎటు పోయినా తిరిగి వస్తుంది. ఆ తెరిచిన కప్పే కావాలనుకుంటే, బల్లల నెత్తిన ఫెల్టు పలకలు వేలాడదీయాలి, లేదా స్లాబు అడుగున చెక్క పీచు పలకలు అతికించాలి. వాడేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి తయారయ్యే ఫెల్టు ఇప్పుడు సులువుగా దొరుకుతోంది. నేలకు కార్పెట్ టైల్స్ వేస్తే అడుగుల చప్పుడు, కుర్చీల గీకుడు తగ్గుతాయి కానీ మాటలు పెద్దగా తగ్గవు. మాటలకు కప్పే మందు.

పీల్చుకోవడం వేరు, అడ్డుకోవడం వేరు. మీటింగ్ గది గోడకు ఫెల్టు అంటిస్తే లోపల మోత తగ్గుతుంది, బయటికి పోయే మాట ఆగదు. దాన్ని ఆపాలంటే గోడ బరువుగా ఉండాలి, ఎక్కడా సందు ఉండకూడదు. చాలా ఆఫీసుల్లో పార్టిషన్ ఫాల్స్ సీలింగ్ దాకా లేచి ఆగిపోతుంది. దాని పైన స్లాబు దాకా ఖాళీయే. లోపలి మాట ఆ ఖాళీలోంచి దాటి పక్క క్యాబిన్‌లో దిగుతుంది. తలుపు కింద వేలెడు సందు ఉంటే ఎంత మందపు అద్దం వేసినా దండగే. గోడను స్లాబు దాకా లేపి, రెండు జిప్సం పలకల మధ్య రాక్‌వూల్ నింపి, తలుపుకు రబ్బరు సీలు వేయడం ఎవరికీ కనిపించని పని. గదిని గదిగా చేసేది మాత్రం అదే.

అందరికన్నా ఎక్కువ బాధ ఫోన్‌లో మాట్లాడేవారి వల్ల. ఫోన్ సంభాషణలో ఒకవైపే వినపడితే, ఇద్దరూ మాట్లాడుకోవడం విన్నప్పటికన్నా మన ధ్యాస ఎక్కువగా చెదురుతుందని 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. వినపడని సగాన్ని మెదడు ఊహిస్తూ పోతుంది. వీడియో కాల్స్ పెరిగాక ఈ ఇబ్బంది మరీ ఎక్కువైంది. అందుకే ఫోన్ బూత్ అలంకారం కాదు, మరుగుదొడ్డిలాగే తప్పనిసరి. అయితే బూత్ పెట్టి గాలి మరచిపోవడం మరో పెద్ద లోపం. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు ఉన్న పెట్టెలో 2,200 లీటర్ల గాలి పడుతుంది. కూర్చుని మాట్లాడే మనిషి నిమిషానికి సుమారు 0.3 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. సందుల్లేకుండా మూసిన బూత్‌లో పది నిమిషాలకే అది పది లక్షల వంతుల్లో 1,500 దాటిపోతుంది. గాలి బాగా ఆడే ఆఫీసులో దీన్ని 1,000 లోపు ఉంచాలని చూస్తారు. ముప్పై నిమిషాల కాల్ ముగించి తలపట్టుకుని బయటికి వచ్చేవాళ్లకు కారణం ఎదుటివాళ్ల మాటలే కానక్కర్లేదు. పైన చిన్న ఫ్యాను, కింద గాలి వచ్చే దారి ఉంటే సరిపోతుంది.

వెలుతురు దగ్గరికి వస్తే హైదరాబాదు ఉన్న చోటు గుర్తుంచుకోవాలి. ఊరు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల వరకు మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే మండు వేసవిలో దక్షిణపు గోడ కన్నా పడమటి అద్దమే ఎక్కువ కాలుతుంది. భవనం దిక్కును ఇంటీరియర్ డిజైనరు మార్చలేడు, సీట్ల దిక్కును మార్చగలడు. పడమటి వైపు మీటింగ్ గదులు, స్టోరు, లాకర్లు, నడవ ఇచ్చి, రోజంతా కూర్చునే బల్లలను ఉత్తరపు వెలుతురులోకి జరపాలి. వాస్తు అడిగేవారికి కూడా ఇది అభ్యంతరం కాదు. కిటికీకి ఎదురుగానో వీపు పెట్టో కూర్చుంటే ల్యాప్‌టాప్ మీద వెలుగు చిమ్ముతుంది. కిటికీ పక్కగా ఉండేలా బల్ల వేయాలి. రాసే, చదివే పనికి బల్ల మీద 300 నుంచి 500 లక్స్ చాలు. హాలంతా మెరిసిపోయేలా లైట్లు దట్టించడం కన్నా, హాలుకు మితమైన వెలుతురు ఇచ్చి బల్లకో చిన్న దీపం పెడితే కళ్లు సుఖపడతాయి, ఎవరి వెలుతురు వారి చేతిలో ఉంటుంది.

ఏసీ రిమోట్ కోసం జరిగే తగాదా ప్రతి ఆఫీసులోనూ ఉంది. దాని మూలం ఒకప్పటి కొలతల్లో ఉంది. డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో తెచ్చిన పద్ధతి ఆధారంగానే ప్రపంచంలో చాలా ఆఫీసుల చల్లదనాన్ని లెక్కించారు. అందులో శరీర వేడికి తీసుకున్న ప్రమాణం నలభై ఏళ్ల, డెబ్బై కిలోల మగవాడిదని, ఆడవాళ్ల శరీర వేడిని అది 35 శాతం వరకు ఎక్కువగా అంచనా వేస్తుందని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు రాశారు. మే నెలలో శాలువా కప్పుకుని పనిచేసే ఆడపిల్లలు ప్రతి ఐటీ అంతస్తులోనూ కనిపించేది అందుకే. సీలింగ్ ఫ్యాన్ గాలి తగిలితే 26 డిగ్రీలు కూడా హాయిగానే ఉంటుంది, కరెంటు మిగులుతుంది. విదేశీ ఫోటోల్లో ఉండదని కో వర్కింగ్ హాళ్లలో ఫ్యాను పెట్టకపోవడం తెలివైన పని కాదు. మాదాపూర్ దగ్గరి సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2004లోనే దారి చూపింది. పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్‌ను అమెరికా బయట అందుకున్న తొలి భవనం అది. మధ్యలో ఆకాశం కనిపించే ప్రాంగణం, ఎండను చల్లార్చే జాలీ గోడలు, గాలిని చల్లబరిచి పంపే బురుజులు అందులో ఉన్నాయి. ఇరవై ఏళ్లయినా దాని నుంచి నేర్చుకున్నవారు తక్కువే.

బల్ల ఎత్తు సాధారణంగా 73 నుంచి 75 సెంటీమీటర్లు ఉంటుంది. పొట్టివారికి కుర్చీ ఎత్తు బల్లకు సరిపోయేలా పెంచితే కాళ్లు నేలకు అందవు. చవకైన ఫుట్‌రెస్టు ఈ సమస్యను తీరుస్తుంది. కుర్చీ మీద మాత్రం పిసినారితనం కూడదు. ప్లగ్ పాయింట్లు బల్ల మీదే ఉండాలి. నేల మీద పెడితే ప్రతిరోజూ ఎవరో ఒకరు బల్ల కిందికి వంగుతుంటారు, వైరు తట్టుకుంటుంటారు.

ప్యాంట్రీ దగ్గర పరాయి నమూనా బాగా బయటపడుతుంది. పొడవాటి కౌంటరు, ఎత్తైన స్టూళ్లు శాండ్‌విచ్ తినేవారికి అనుకూలం. క్యారియర్ విప్పి పప్పు, కూర, పెరుగు వరసగా పెట్టుకుని చేత్తో కలుపుకుని తినేవారికి మామూలు ఎత్తు బల్ల, వీపున్న కుర్చీ కావాలి. చేతులు కడుక్కునే బేసిన్ ప్యాంట్రీలోనే ఉండాలి, గిన్నెలు కడిగే సింకు వేరుగా ఉండాలి, మెతుకులు అడ్డుపడని కాలువ ఉండాలి. పోపు వాసన, వేడిచేసిన చేపల పులుసు వాసన పని హాలులోకి రాకుండా బలమైన ఎగ్జాస్టు కావాలి. ఇవి లేకపోతే ఇంటి భోజనం తెచ్చుకున్నవారు సిగ్గుపడుతూ మూలన తింటారు. మధ్యాహ్న భోజనం దగ్గర కలిసినంతగా జనం మరెక్కడా కలవరు. అక్కడ ఖర్చుపెట్టిన రూపాయి ఏ నెట్‌వర్కింగ్ ఈవెంటుకూ తీసిపోదు.

అందరూ వాడుకోగలిగేలా కట్టడం దయతో చేసే పని కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని బాధ్యతగానే చెప్పింది. ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి, తలుపు 90 సెంటీమీటర్లు తెరుచుకోవాలి, చక్రాల కుర్చీ తిరగడానికి ఒకటిన్నర మీటర్ల జాగా వదలాలి. పసిపిల్లల తల్లులకు తలుపు గడియపడే చిన్న గది, రాత్రి షిఫ్టు ముగించి క్యాబ్ కోసం ఎదురుచూసే ఆడవాళ్లకు వెలుతురున్న చోటు కూడా ప్లానులోనే రావాలి. బయటపడే దారులు రెండు ఉండాలి. వాటికి అడ్డంగా బీన్ బ్యాగులు, కుండీలు పెట్టకూడదు.

అలంకరణ విషయంలో ఈ రంగం చాలా బద్ధకించింది. పట్టుదలను పొగిడే ఇంగ్లీషు నినాదాలు, ప్లాస్టిక్ తీగలు, ఇటుక బొమ్మ ఉన్న వాల్‌పేపరు. బెంగళూరులోనైనా బెర్లిన్‌లోనైనా ఇవే. తెలుగు నేల మీద నాణ్యమైన సరుకుకు కొదవ లేదు. తాండూరు బండ, కడప బండ నేలకు చల్లగా ఉంటాయి, దశాబ్దాలు నిలుస్తాయి. పోచంపల్లి ఇక్కత్‌ను ఫెల్టు పలకల మీద కప్పితే మోతా తగ్గుతుంది, గోడా బతుకుతుంది. ఏటికొప్పాక లక్క పనితో తలుపు పిడులు, కోటు కొక్కేలు చేయించవచ్చు. రిసెప్షన్ గోడకు ఒక చేర్యాల పటం చాలు. ఇవి ఊరి గుర్తులుగా అంటించిన బొమ్మల్లా కాక, రోజూ చేతికి తగిలే వస్తువుల్లా ఉంటే వాటికీ గౌరవం, తయారుచేసినవారికీ పని.

ఇప్పుడు ఈ ఆఫీసులు విజయవాడ, విశాఖపట్నం, వరంగల్, తిరుపతి లాంటి ఊళ్లకు చేరుతున్నాయి. అక్కడ గాజు గోడల టవర్లు తక్కువ, తెరుచుకునే కిటికీలున్న మామూలు భవనాలు ఎక్కువ. అది లోటు కాదు, పెద్ద వరం. ఆ ఊళ్లలో కొత్తగా కట్టించేవారు హైదరాబాదు ఫోటోలు ముందు పెట్టుకుని మొదలుపెట్టవద్దు. చేతిలో ఉన్న డబ్బును ముందు మంచి కుర్చీలకు, స్లాబు దాకా లేచే గోడలకు, కప్పు కింది ఫెల్టుకు, పడమటి కిటికీ నీడకు పెట్టండి. గోడ మీది బొమ్మలు ఆరు నెలలు ఆగి వేయించినా నష్టం లేదు.